మొదటి గుప్పెడు

పెనుకొండ,
16-2-1959

జాహెదా నాయనకు సాజిదా సలాములు.

ఇక్కడ నేను, మన జాహెదా, మేకుకు వేలాడుతున్న మీ గొడుగు, అందరం క్షేమంగా ఉన్నాం. అక్కడ మదనపల్లె ఆస్పత్రిలో ఇచ్చే పాలు మీరే తాగుతున్నారో, పక్క మంచం ఆయనకు పోసి తప్పించుకుంటున్నారో ఆ అల్లాకే తెలియాలి. నేను పక్కన లేను కదా అని ఆటలాడకండి.

మీరు అడిగినవాటికి ముందు జవాబు రాస్తాను. బొరుగులు వేయించే బట్టీలో ఇసుక మార్చాను. ఏటి ఇసుకే, రెండుసార్లు జల్లించి, కడిగి, ఎండబెట్టి పోశాను. జాహెదా రోజూ బడికి పోతోంది. చదవడంలో నా పోలిక, లెక్కల్లో పాపం మీ పోలిక. ఇక పక్కన టీ హోటలు తిమ్మరాజన్న అడుగుతున్నాడు కదా, బట్టీ ఆయనకిచ్చేసి పుట్టింటికి పొమ్మని రాశారు. ఇవ్వను. ఆ మాట మళ్లీ రాయకండి. మీరు తిరిగొచ్చేనాటికి బట్టీ మండుతూనే ఉండాలి. పొగ దగ్గర మిమ్మల్ని కూర్చోనివ్వను గానీ, బేరాలాడటం మాత్రం మీ పనే.

బేరం అంటే గుర్తొచ్చింది. పోయిన ఉత్తరాల్లో వ్యాపారం బాగుందని రాశాను. బాగాలేదు. మూడు నెలలుగా మన బొరుగులు కొనేవాళ్లు లేరు. మీకు క్షయ అని ఊరందరికీ తెలిసిపోయింది. హిందూపురం అంగడికి పంపిన రెండు మూటలు విప్పకుండానే తిరిగొచ్చాయి.

బట్టీ అంటించగానే మొదటి గుప్పెడు బొరుగులు ఎదురుగా ఉన్నవాళ్ల చేతిలో పెట్టేవారు కదా మీరు. నేనూ ఆ అలవాటు మానలేదు. ఒకరోజు ఉదయం ఎర్రమంచి గంగులమ్మ కనబడితే చెయ్యి చాపాను. పదేళ్లుగా మన బొరుగులు గంపకెత్తి ఊళ్లెమ్మట అమ్మిన మనిషి. చేతులు కొంగులో దాచుకుని పక్కకు తప్పుకుంది. వేడివేడి బొరుగులు నా పిడికిట్లోనే చల్లారిపోయాయి. ఇంట్లోకి పోయి చాలాసేపు ఏడ్చాను. ఏడ్చాక కోపం వచ్చింది. కోపం వచ్చాక బుర్ర పనిచేసింది.

గోడల వెనక ఏ చెయ్యి తగిలిందో, ఏ గంపలో పోశామో కొనేవాళ్లకు కనపడదు. అందుకే పొయ్యిని వీధిలోకి మార్చాను. మట్టి తొక్కి నేనే కట్టుకున్నాను. ‘ఎవరి గింజలు వాళ్లు తెచ్చుకోండి, గంప కూడా మీదే, మీ కళ్లముందే వేయించి ఇస్తాను, కూలి కింద ఒక దోసెడు గింజలు చాలు’ అని మన ఇంటి ముందు బస్సు దిగిన ప్రతివాళ్లకూ చెప్పాను. మిమ్మల్ని ఆస్పత్రిలో చేర్చిన రోజు నాకూ జాహెదాకూ ఎక్స్‌రే తీసి, జబ్బు లేదని డాక్టరు రాసిచ్చిన చీటీ ఉంది కదా, దాన్ని అట్టకు అంటించి పందిరి గుంజకు వేలాడదీశాను.

మొదటిరోజే తప్పు చేశాను. గాలి చూసుకోకుండా పొయ్యి నోరు పెట్టాను. పొగంతా పక్క హోటల్లోకి పోయింది. తిమ్మరాజన్న కళ్లు తుడుచుకుంటూ వచ్చాడు.

“ఏమమ్మా, బట్టీ అమ్మమంటే నా హోటలే మూయించేటట్టుండావే! జనం ఈడ టీ తాగాల్నా, ఏడ్వాల్నా?”

“రేపటికి నోరు తిప్పుతాలే అన్నా. మీ హోటలుకు వేయించిన శెనక్కాయలు యాడనుంచి తెస్తాండారు?”

“ధర్మవరం నుంచి. ఏం?”

“పచ్చివి తెచ్చియ్యండి. మీ ముందరే వేయిస్తా.”

మర్నాడు పొయ్యి నోరు అటు తిరిగింది, తిమ్మరాజన్న ఇటు తిరిగాడు. అరబస్తా వేరుశెనక్కాయలు తెచ్చాడు. ఇప్పుడు బస్సు ఆగితే చాలు, ఆ వాసనకే నలుగురు దిగుతున్నారు. వారం తిరిగేసరికి శనగలూ జొన్నలూ పట్టుకుని ఆడవాళ్లు వరస కట్టారు. మన బొరుగులు మాత్రం ఎవరూ అడగలేదు.

ఎందుకో నాకు తెలుసు. ఇకమీద రాసేది చదివి కోప్పడకండి. మీరు వెళ్లిన కొత్తలో, కోలారు గనుల్లో పనికి పోయారని అందరికీ చెప్పాను. సిగ్గేసింది, భయం కూడా వేసింది. ఆస్పత్రి పేరుతో మీరు రాసిన కార్డును పోస్టుమ్యాన్ వెంకటేశులు గంగులమ్మ ముందే ఆ పేరు పైకి చదివి నా చేతికిచ్చాడు. నా అబద్ధం అలా బయటపడింది. అప్పటినుంచే కార్డు వద్దు, కవరే రాయమని మిమ్మల్ని పోరాను. మీరేమో ప్రేమతో నాలుగు పేజీలు అడుగుతున్నానని మురిసిపోయి ఉంటారు. నన్ను క్షమించండి.

మొన్న గంగులమ్మ శనగలు తెచ్చింది. నేనే నోరు విప్పి తప్పు ఒప్పుకున్నాను.

“జబ్బు ఎవురికి రాదు సాజిదా? నా మనవడు దినామూ మీ బొరుగులే తింటాండె. నాకొక మాట చెప్పకపోతివే! గనుల కాడ ఉండాడంటివి. ఇంక నువ్వు ఏం చెప్పినా యాడ నమ్మేది?”

ఆమె గుంజకున్న చీటీ వైపు చూసింది. చదువు రాదు కదా, జాహెదాను పిలిచి రెండుసార్లు చదివించుకుంది. తర్వాత “బొరుగులు వేయించు, చూస్తా” అంది. వేయించాను. మొదటి గుప్పెడు తీసేలోపే తనే దోసిలి పట్టింది. ఈ ఉదయం గంప నింపుకుని ఎర్రమంచికి పోయింది.

అందుకని ఇక కవర్లు వద్దు. కార్డే రాయండి. పైన ఆస్పత్రి పేరు పెద్ద అక్షరాలతో రాయండి. బరువు ఎంత పెరిగారో, డాక్టరు ఏమన్నాడో, ఇంటికి ఎప్పుడు పంపుతాడో అన్నీ రాయండి. బట్టీ ముందు నిలబడి అందరికీ వినపడేలా చదవమని వెంకటేశులుకు చెప్పాను. నాకొక్కదానికే చెప్పాలనుకున్న మాటలుంటే దాచుకోండి, వచ్చాక చెబుదురుగాని.

జబ్బు తగ్గకపోతే తగ్గలేదనే రాయండి. అదీ చదివిస్తాను.

ఇట్లు,
మీ రాక కోసం బట్టీ ఆరనివ్వని మీ ఇల్లాలు
సాజిదా