చివరి గడిలో రాయించింది

యాదమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. మీర్‌పేటలో నువ్వు చదివిన పెద్దల బడి వల్ల ఫలితం ఉందో లేదో చూడడానికి ఒక పిల్ల వచ్చింది. ఆమె కాగితంలో మూడు గడులు: ఏం ఇచ్చారు, ఏం నేర్పారు, ఇంట్లో ఏం మారింది. చివరిది నిండితేనే బడి నడుస్తుందట.

"ఏం మారింది తాతా?"

"ఏం మారలే. సదువు నేర్సింది, సచ్చిపోయింది. గదే రాస్కో."

ఆమె రాయలేదు. నేను చాయ్ పెట్టడానికి లేచి, ఒకేలా ఉన్న డబ్బాల్లోంచి చక్కెర డబ్బా తీశాను.

"చక్కెర ఏ డబ్బాల ఉందో ఎట్ల తెలిసె తాతా?"

డబ్బా మీద నీ రాత.

"నా ముసల్ది అన్నిటి మీద పేర్లు రాసిపెట్టి పోయింది. గవి చూసే అక్షరాలు నేర్సిన."

ఆమె చివరి గడిలో అదే రాసుకుంది.

నీ పేరు మాత్రం ఏ డబ్బా మీదా లేదు. ఆ పిల్లతో రాయించుకుని, అది చూసి ఈ ఉత్తరం పైన నా చేత్తో దించి రాశాను.