టిక్కుమనే కొలబద్ద

బావా,

వడ్రంగి పనిముట్ల ఎగ్జిబిషన్‌లో నీకోసం కొన్న కొలబద్ద ఈ పార్శిల్లో ఉంది. జరిపితే మిల్లీమీటరుకోసారి టిక్కుమంటుంది. చూపుతో పనిలేదు, లెక్కపెట్టుకుంటే చాలు.

స్టాల్లో కళ్ళు మూసుకునే చెక్క కొలిచి, ఉలితో గాటు పెట్టాను. వెంట్రుకవాసి తేడా రాలేదని స్టాలాయన కొలిచి చెప్పాడు. నేను కళ్ళు తెరిచేలోపే, నాకు చూపు లేదనుకుని, "జాగ్రత్తండీ, ఇక్కడ మెట్టుంది" అంటూ చెయ్యి పట్టుకుని నన్ను గుమ్మం దాకా దిగబెట్టాడు. ఒళ్ళు మండిపోయింది. వీధిలో నిన్ను రోజూ అలా నడిపించేది నేనే కదా! నువ్వెందుకు విసుక్కుంటావో ఇప్పుడు తెలిసింది.

చూపు తగ్గిందని అటకెక్కించిన నీ ఉలులన్నీ అక్క చేత దింపించు. సోమవారం నిన్ను తీసుకెళ్ళడానికి నేను రాను. మన వడ్రంగి షాపు తెరిచి, నీ బల్ల తుడిచి ఉంచుతాను. దారి నీకు తెలుసు. ఆలస్యమైతే మాత్రం ఊరుకోను.

నీ బావమరిది