ఏనుగు మోకాళ్ల దిద్దుబాటు

అత్తయ్యకు నమస్కారాలు.

ఈ సంగతి ఇప్పుడే చెప్పకపోతే ఆలస్యమవుతుంది కనుక రాస్తున్నాను. మీ అటక మీద దొరికిన పుస్తకాన్ని మా గ్రంథాలయానికి ఇస్తానన్నారు. చాలా సంతోషం. నెలాఖరున మా మనిషి వచ్చి తీసుకెళ్లేదాకా దాన్ని తుడవవద్దు, ఎండలో పెట్టవద్దు, అట్ట వేయవద్దు. అచ్చుయంత్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, ఏనుగులు లేని పరాయి దేశంలో అచ్చయిన పుస్తకమది. అంతకు కొన్ని వందల ఏళ్ల ముందు పండితులు జంతువుల గురించీ, మొక్కల గురించీ, రాళ్ల గురించీ రాసినవాటిని ఒకచోట కూర్చిన సంపుటం. ఇలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. దాతగా మీ పేరు అద్దాల బీరువా మీద రాయిస్తాం.

ఆ పాత భాష మీకు రాదు కనుక, మీరు నకలు రాసి పంపిన బొమ్మల కింది మాటలకు అర్థం రాసి జతచేస్తున్నాను. సరదాగా చదువుకోండి.

మీ మేనల్లుడు

---

ఒరేయ్ మేనల్లుడూ, ఆశీస్సులు.

సరదాగా చదువుకోమన్నావు. చదివాక అన్నం సహించలేదు. ఏనుగుకు మోకాళ్లుండవట! అందుకని చెట్టుకు ఆనుకుని నిద్రపోతుందట! బాతులు చెట్లకు కాస్తాయట! పిట్టలు చలికాలమంతా చెరువు అడుగున పడుకుంటాయట! ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తని లోకమంతా అంటుంటే, ఈ మహానుభావుడు అది పడుకోనే పడుకోదంటాడు.

ముప్పై ఏళ్లు బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పినదాన్ని. ఈ అబద్ధాల మూట మీద నా పేరా? నా దగ్గర చదివినవాళ్లు చూస్తే ముఖం ఎక్కడ పెట్టుకోను? నువ్వేం కంగారుపడకు. అంతా దిద్దే పంపిస్తాను.

మీ అత్తయ్య

తా.క. ఎర్ర సిరా రెండు సీసాలు తెప్పించాను. పుస్తకం వాలకం చూస్తే చాలేలా లేవు.

---

అత్తయ్యా, నమస్కారం.

ఎర్ర సిరా వద్దు. నీలం సిరా వద్దు. నల్లది ఉందంటారేమో, అదీ వద్దు. అవి తప్పులని మాకు తెలుసు. ఏనుగును చూడనివాడు, చూడనివాడే రాసినదాన్ని చదివి, చూసినట్టు రాశాడు. తెలుసుకోవాలన్న తపన మనిషిలో ఎన్ని తడబాట్లతో సాగిందో అక్కడే కనిపిస్తుంది. ఆ తప్పులే పుస్తకానికి ప్రాణం. ఒక్క చుక్క సిరా పడినా మా గ్రంథాలయ సంఘం దాన్ని తీసుకోదు. తీసుకోకపోతే అది మళ్లీ అటకెక్కుతుంది, చెదల పాలవుతుంది.

మీ మేనల్లుడు

తా.క. సుద్దముక్క, బలపం, బొగ్గు కూడా వద్దు.

---

ఒరేయ్, ఆశీస్సులు.

అర్థమైంది. నా దిద్దుబాటు మీద నీకు నమ్మకం లేదు. ఆ మాట నేరుగా అనొచ్చుగా! అందుకే మా తమ్ముణ్ణి, అదే పశువైద్యుడైన మీ బాబాయిని పిలిపించాను. కళ్లజోడు పెట్టుకుని బొమ్మను ఎగాదిగా చూశాడు.

"అక్కయ్యా, ఇది ఏనుగని ఎవరన్నారు?"

"కింద రాసి ఉందటరా."

"రాసినవాణ్ణి నా దగ్గరికి పంపు. సూది వేస్తాను."

తప్పులే ప్రాణమా? ఆరో తరగతిలో తిమింగలం గుడ్లు పెడుతుందని రాశావే, ఆ కాగితం కూడా అద్దాల బీరువాలో పెట్టించు మరి. నేను ఆ రోజు దిద్దబట్టే నువ్వు ఇంతవాడివయ్యావు.

మీ అత్తయ్య

తా.క. సీసా మూత ఇంకా తీయలేదు. ఏనుగు పక్కన ఎవరో గోధుమరంగు సిరాతో ముందే గీకారు. చక్కగా రెండు మోకాళ్లు, కింద నాలుగు వరుసల రాత. చూసి నకలు రాసి పంపుతున్నాను. నిజం చెప్పు, చిన్నప్పుడు అటకెక్కింది నువ్వే కదూ?

---

అత్తయ్యా, నమస్కారం.

నేను కాదు. అక్షరాల తీరును బట్టి ఆ రాత కనీసం మూడు వందల ఏళ్ల నాటిది. ఇదీ దాని అర్థం:

"నేను పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. ఈ జంతువును చూడలేదు. మోకాళ్లు లేకపోతే ఇది చెట్టు దాకా ఎలా నడిచింది? పుస్తకమే తప్పేమోనని నా అనుమానం. పైకి అనే ధైర్యం లేదు. నా తరువాత చదివేవారు ఎవరైనా దీన్ని చూసి ఉంటే, దయచేసి చెప్పండి."

ఇక దాని మీద ఊపిరి కూడా గట్టిగా వదలకండి. నెలాఖరు దాకా ఆగలేను. మా మనిషి రేపే బయలుదేరుతున్నాడు.

మీ మేనల్లుడు

తా.క. నా ఉత్తరాలు గుమాస్తా విప్పుతాడు. తిమింగలం సంగతి ఆఫీసంతా పాకింది.

---

చిరంజీవికి ఆశీస్సులు.

పుస్తకం పంపాను. మీ మనిషి దాన్ని పసిబిడ్డలా పొదివి పట్టుకున్నాడు. ఎర్ర సిరా ముట్టలేదు. నాకంటే ముందే ఒక మాస్టారు దిద్దడం మొదలుపెట్టారు, పాపం, ఏనుగును చూడకుండానే. ఇన్ని వందల ఏళ్లుగా చెయ్యెత్తి నిలబడే ఉన్నారురా ఆయన! అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేను ఏ తరగతిలోంచీ బయటికి రాలేదు.

అందుకని ఆయన రాత కింద, చిన్న అక్షరాలతో, పెన్సిల్‌తో రాశాను: "చూశాను మాస్టారూ. మోకాళ్లున్నాయి. మీ అనుమానమే నిజం."

మీ అత్తయ్య

తా.క. నువ్వు వద్దన్నవాటిలో పెన్సిల్ లేదు. సరిచూసుకో.

---

అత్తయ్యకు నమస్కారాలు.

సరిచూసుకున్నాను. లేదు.

సంఘం పుస్తకాన్ని తీసుకుంది. మా అధ్యక్షుడు "పెన్సిలే కదా, చెరిపేద్దాం" అంటూ మెత్తటి రబ్బరు అందుకున్నారు. మీ అక్షరాలు చూడగానే లేచి నిలబడ్డారు. ఏడో తరగతి మీ దగ్గరే చదివారట. రబ్బరు నా చేతిలో పెట్టి "నువ్వు చెరుపు" అన్నారు. నేను పక్కాయనకు అందించాను. ఆయన కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు.

ఆ మాస్టారు ఎవరో మాకు తెలియలేదు. తన అనుమానాన్ని పిల్లలకైనా చెప్పారో లేదో తెలియదు. మీ రాతను పుస్తకానికి జరిగిన నష్టంగా నమోదు చేయాలా, జవాబుగా నమోదు చేయాలా అన్నది సంఘం తేల్చలేదు. ఈ విద్యలో ఇన్నేళ్లున్న నాకూ తెలియడం లేదు.

మీ మేనల్లుడు