కారు ముందు కట్టిన కండువా

గద్వాల, శుక్రవారం, మే 1991

నా కొడుకు మల్లేశు కారు కొన్నాడు! పాత అంబాసిడరే అయితేనేం, మా మగ్గాల ఇంటి ముందు కారు నిలబడింది. కొత్త మగ్గానికి బట్ట కట్టి మొక్కినట్టే, నేను నేసిన పట్టు కండువాను పొద్దున మడతలు పెట్టి కారు ముందరి జాలీకి అడ్డంగా కట్టాను.

వనపర్తిలో కూతురికి చూపిద్దామని కోడలినీ మనవరాలినీ ఎక్కించుకుని బయలుదేరాం. ఇటిక్యాల దాటగానే బానెట్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. రోడ్డు పక్క మెకానిక్ కండువా చూసి ఒకటే నవ్వు.

“పెద్దాయనా, ఇంజన్ ముక్కుకు బట్ట కడితివి. దానికి గాలి యాడికెల్లి రావాలె?”

సిగ్గుతో తల వంచుకున్నాను. ఇంజన్ చల్లారేలోగా అతను చక్రాలు చూశాడు. వెనక చక్రం లోపల తడిగా ఉంది. మల్లేశును బ్రేకు తొక్కమన్నాడు. పెడల్ మెత్తగా కిందిదాకా పోయింది. అతని నవ్వు ఆగిపోయింది.

“బ్రేక్ ఆయిల్ అంత కారిపోతున్నది. గిట్లనే కృష్ణ బ్రిడ్జి దిక్కు దిగుతుంటిరా అన్నా?”

“పొద్దుగాల జర మెత్తగుండె. పాత బండి గదా, గట్లనే ఉంటదనుకున్న,” అన్నాడు మల్లేశు.

నా కండువా అడ్డం లేకపోతే మేము ఆగేవాళ్ళమే కాదు.

బాగు చేయించుకుని, అక్కణ్ణుంచే వెనక్కి మళ్ళి చీకటి పడకముందే ఇల్లు చేరాం. అందరూ కడుపునిండా తిన్నారు. ఇంతకంటే సంతోషమేముంది? అయినా నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు.

మనవరాలు నా ఒళ్ళోనే నిద్రపోయింది. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పక్క మీద పడుకోబెట్టమని కోడలు రెండుసార్లు చెప్పింది. ఇంకా దించలేదు.