ఏ ప్యాచూ జారిపోకుండా

మే 4, సోమవారం
పుల్గీ, నా డెల్ఫీనా, నీ కంప్యూటరు తెరిచాను తల్లీ. మాయదారి జ్వరం నిన్ను తీసుకుపోయి రేపటికి మూడు నెలలు. పాస్‌వర్డు నువ్వు ఫ్రిజ్ మీద అతికించిన కాగితం మీదే ఉంది. దొంగలెవరూ రాలేదు, సంతోషం.

నది మట్టం చెప్పే మీ ప్రోగ్రాముకి ఎక్కడెక్కడివాళ్లో దిద్దుబాట్లు మెయిల్లో పంపుతారు. ప్యాచ్‌లంటారు. అవి అందరికీ ఒకేసారి వెళ్లే లిస్టుకి వస్తాయి. ఏది ఎవరు పంపారు, ఎవరైనా చూశారా అని రాసిపెట్టే పని నీది. ఆ ప్రోగ్రాము చూసుకునే మీ పెద్దాయన, ఎవరిస్తో అనే ఆయన, నాకు రాశాడు: "డెల్ఫీనా పోయాక రాసేవాళ్లు లేరమ్మా. అడిగేవాళ్లు లేని ప్యాచ్ అడుగున పడిపోతుంది." నువ్వు చివరగా పంపినదీ ఆ అడుగునే ఉందట.

అందుకే ఒట్టు. రోజూ మాతే ఆకు టీ తాగి పదింటికి కూర్చుంటాను. ప్రతి ప్యాచూ పుస్తకంలో ఎక్కిస్తాను. నా చదువు ఐదో తరగతి. ఎక్కించడానికి అది చాలు.

మే 5
పదింటికి కూర్చున్నాను. పదహారు ఎక్కించాను. ఎర్ర గీతలు కొట్టాను. అందంగా ఉంది.
పక్కింటి నెలిడా చూసి, "ఏంటి వదినా, పెళ్లి పిలుపులా?" అంది.

మే 7
అరవై రెండు. లిస్టుకి రాశాను: "అరవై రెండు ప్యాచ్‌లు చూడకుండా పెట్టుకున్నారు, సిగ్గు లేదా నాయనలారా."
గంటలో ఎవరిస్తో జవాబు: "ఎర్మిండా అమ్మా, అవి పదిహేడే. ఒకే ప్యాచ్‌ని సరిచేసి మళ్లీ పంపితే రెండో కూర్పు, మూడో కూర్పు అంటాం. మనిషి చొక్కా మార్చినప్పుడల్లా మీరు కొత్త మనిషని రాశారు."
కొట్టేశాను. పేజీ మీద కోళ్లు తిరిగినట్టుంది.

మే 11
పంపినవాళ్లు జవాబు కోసం చూస్తుంటారు కదా, పాపం. ఒక్కొక్కరికీ రాశాను: "అందింది, పుస్తకంలో రాశాను, నిశ్చింతగా ఉండు." బొలీవియా పిల్ల వాయ్రా, "మీరు చల్లగా ఉండాలి అమ్మా" అంది.

మే 15
వాన. బట్టలు ఆరలేదు. రాయలేదు.

మే 16
శనివారం. శనివారం లెక్కలోకి రాదు.

మే 18
నీ పేరున్న మెయిలు కనిపించింది. మూసేశాను. కళ్లద్దాలు సరిగా లేవు.

మే 19
కళ్లద్దాలే.

మే 26
ఎవరిస్తో ఫోను చేశాడు.
"లిస్టు ఎందుకింత నిశ్శబ్దంగా ఉందో తెలుసా అమ్మా?"
"పని సాఫీగా సాగుతోందేమో."
"రెండు వారాలు జవాబు రాకపోతే పంపినవాళ్లే మళ్లీ గుర్తు చెయ్యాలి. అదీ మా పద్ధతి. మీరేమో నిశ్చింతగా ఉండమన్నారు. ప్యాచ్ తీసుకున్నామనుకుని వాళ్లు నిశ్చింతగా ఉన్నారు. ఎవరూ అడగట్లేదని మేమూ నిశ్చింతగా ఉన్నాం."
"అడక్కపోతే చూడరా?"
"చూడాలి. చూడం. అందుకేగా డెల్ఫీనా మమ్మల్ని పీక్కుతినేది."
పుస్తకం సొరుగులో పడేశాను. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను.

జూన్ 2
వారమైంది. కంప్యూటరు తెరవలేదు. ఇల్లు రెండుసార్లు కడిగాను.
"నేల అరిగి మా ఇంట్లోకి వచ్చేస్తావు వదినా," అంది నెలిడా. "ఇంతకీ నీ పిల్ల పంపిన ప్యాచ్ రాశావా పుస్తకంలో?"
"అందరివీ రాశాను."
"నీ పిల్లది?"
రాయలేదు పుల్గీ. రాస్తే, గుర్తు చెయ్యడానికి నువ్వు లేవని నా చేత్తో నేనే రాసినట్టవుతుంది.
"నువ్వూ అడక్కపోతే ఇంకెవరు అడుగుతారే," అంది. గొంతు తగ్గించి అంది.

జూన్ 3
లిస్టుకి రాశాను. "నేను డెల్ఫీనా అమ్మని. జనవరిలో మా అమ్మాయి పంపిన ప్యాచ్ ఎవరూ చూడలేదు. కొలత యంత్రం పాడైతే మన ప్రోగ్రాము నీరు సున్నా అంటోంది. కిందటి వరదకి ఆ సున్నాని నమ్మి ఒడ్డునున్నవాళ్లు సామాను సర్దుకోలేదు. తెలియనప్పుడు తెలియదు అని చెప్పాలి అనేది తను. గుర్తు చేస్తున్నాను."


జూన్ 4
ఎవరిస్తో చూశాడు. మంచి ప్యాచే, రెండుచోట్ల మార్చాలి, నాలుగో కూర్పు పంపాలి అన్నాడు. ఎవరు పంపాలో రాయలేదు.
మధ్యాహ్నానికి వాయ్రా పంపింది. మార్పులు తనవి. పైన రాసినవారి పేరు మాత్రం నీదే. తన పేరు కింద, చిన్నగా. ఎవరు ముగించినా మొదట రాసినవాళ్ల పేరు తియ్యరట.

జూన్ 9
నీ ప్యాచ్ తీసుకున్నారు పుల్గీ. ఎవరిస్తో ఫోను చేసి ఏడ్చేశాడు. నేనే ధైర్యం చెప్పాను.
పుస్తకంలో ఎక్కించని మెయిళ్లు ఇంకా నలభై ఒకటి. ఒకే ప్యాచ్ కూర్పులన్నీ ఒకటిగా కలిపితే ఎన్నో మరి. కొత్త పుస్తకం కొన్నాను. రేపు పదింటి నుంచి మళ్లీ మొదలు, శనివారాలతో సహా. ఈసారి అందరికీ, "అందింది. రెండు వారాల్లో జవాబు రాకపోతే గట్టిగా అడుగు," అని రాస్తాను.
నేను కూర్చోలేని రోజు ఈ పుస్తకం తెరిచినవాళ్లకి వరస అర్థమయ్యేలా మొదటి పేజీలో అంతా రాశాను. చివర్లో ఇదీ రాశాను: "నువ్వెవరైనా సరే, పనికి కూర్చునే ముందు కడుపు నిండా తిను."