తమ్ముడు పంపిన పచ్చి గింజలు

బొటానికల్ గార్డెన్‌లో విత్తనాల గది బాధ్యురాలిగా చేరి అక్కడే రిటైరైన దానను, తోటలో చిన్నా పెద్దా అందరిచేతా గింజలమ్మ అని పిలిపించుకున్న దానను, అవివాహితను అయిన నేను నా ఇష్టప్రకారం రాసి ఉంచుతున్న వీలునామా ఇది. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. నా బుద్ధి స్థిమితంగా ఉంది. మనసు స్థిమితంగా లేదు. చట్టానికి మొదటిది ఉంటే చాలునని వకీలు గారు చెప్పారు కనుక రాస్తున్నాను. ఇంతకుముందు నేను రాసిన వీలునామా దీనితో రద్దవుతుంది. ఎందుకు రద్దు చేయవలసి వచ్చిందో చివర చెబుతాను.

దీన్ని అమలు జరిపే బాధ్యత మా మేనకోడలికి, అంటే మా తమ్ముడి కూతురికి, అప్పగిస్తున్నాను. ఆ ఇంట్లో నాతో ఇంకా మాట్లాడే మనిషి అదొక్కతే. పళ్ళ డాక్టరు కావడం వల్ల కాబోలు, ఎదుటివాళ్ళు నోరు తెరవడానికి అవస్థ పడుతుంటే ఓపిగ్గా కూర్చుంటుంది.

1. నేను ఉంటున్న ఈ రెండు గదుల ఇల్లు మా తమ్ముడికి చెందాలి. ఇది నా జీతంతో కొన్నది. చట్టాన్ని అడిగితే వాడికి ఇందులో ఏ హక్కూ లేదు. కానీ మా అమ్మానాన్నలు పోయాక వాడు పెరిగింది ఈ గోడల మధ్యనే. బాల్కనీలో కుండీలకు నీళ్ళు వాటంతటవే అందాలని వంటగది గోడకి కన్నం పెట్టి గొట్టం లాగాడు. నీళ్ళు కుండీలకి తక్కువ, గోడకి ఎక్కువ అందాయి. ఆ చెమ్మ మరక ఇప్పటికీ ఉంది. మేస్త్రీ రెండుసార్లు బాగుచేస్తానన్నాడు. నేనే వద్దన్నాను. ఇల్లు అమ్ముకోవాలనిపిస్తే వాడు అమ్ముకోవచ్చు. నా జ్ఞాపకార్థం ఉంచుకోమని ఎవరూ వాడికి నీతులు చెప్పకూడదు.

2. బాల్కనీలోని మొక్కలు అడిగినవాళ్ళకు ఇచ్చేయాలి. షరతు ఒకటే. ఏ మొక్కా ఒక్క ఇంటికి మాత్రమే పోకూడదు. కొమ్మ తుంచో, పిలక విడదీసో ప్రతిదీ కనీసం రెండిళ్ళకు చేరాలి. ఒక్క చోటే ఉన్న మొక్క లేనట్టే లెక్క. ఈ ముక్క నాకు ఆలస్యంగా తెలిసింది. ఎదురింటి టైలరుకు కూడా ఇవ్వండి. మా తీగ తన కిటికీకి అడ్డమొస్తోందని నేను ఊళ్ళో లేనప్పుడు కత్తెర వేసిన మహానుభావుడు. బట్ట కత్తిరించినట్టే తిన్నగా కత్తిరించాడు, అదీ నా మంట. అయినా ఇవ్వండి.

3. గింజలు జల్లించే చిన్న జల్లెళ్ళు, ఇత్తడి పట్టకారు, కాగితం మడతపెట్టే ఎముక చాకు, ఇవి విత్తనాల గదిలో నా పక్క బల్ల దగ్గర పొట్లాలు కట్టిన ఆవిడకు ఇవ్వాలి. ఆమె మడత పెట్టిన పొట్లం ఎంత దూరం ప్రయాణించినా ఆవగింజంత గింజ కూడా జారేది కాదు. ఆమె పనితనాన్ని నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను, ఆమె దగ్గర తప్ప. ఈ వీలునామా ద్వారా ఇప్పుడు మెచ్చుకుంటున్నాను.

4. బ్యాంకులో మిగిలినది మేనకోడలికి.

5. తోటవారు నాకిచ్చిన రాగి ఫలకం, గాజుఇంట్లో మూడో గదికి పెట్టిన నా పేరు. దీని గురించి కొంచెం పొడుగ్గా రాయాలి. వీలునామాలో కథలు ఉండకూడదని వకీలు గారు అన్నారు. కథ తెలియకపోతే సొత్తు ఎవరిదో ఎలా తేలుతుందని అడిగాను. ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు.

మసకగంట అని ఒక తీగ ఉంది. వెలుగు తగ్గే వేళకు విచ్చుకునే బూడిదరంగు పూలు, చిన్న చిన్న గంటల్లా కిందికి వేలాడతాయి. అది పుట్టిన గుట్టను రాయి కోసం తవ్వేశాక, మా గాజుఇంట్లో ఉన్న రెండు తీగలు తప్ప లోకంలో మరెక్కడా మిగలలేదు. ఇతర దేశాల తోటలవాళ్ళు అడిగితే మా దగ్గరున్న గింజలు పొట్లాలు కట్టి పంపడం, వాళ్ళ దగ్గరున్నవి మేము తెప్పించుకోవడం మా విత్తనాల గది పని. ఇచ్చిపుచ్చుకోవడమే తప్ప కొనడం, అమ్మడం ఉండదు. మసకగంటను మాత్రం నేను బయటికి పోనివ్వలేదు. మరీ అరుదైన దాన్ని పంపకూడదని నిబంధన ఉంది నిజమే. ఆ నిబంధన రాసిన కమిటీలో నేనున్నాను, అదీ నిజమే. ఏటా కాసిన గుప్పెడు గింజల్నీ ఎండబెట్టి, సీసాల్లో పోసి, చల్లగదిలో పెట్టి, తాళంచెవి మెడలో వేసుకుని లంకెబిందెల మీద పాములా కూర్చున్నాను.

మా తమ్ముడు గాజుఇంట్లో పనిచేసేవాడు. ఆ ఉద్యోగం నేను వేయించిందే. వాడి తీరు నాకు పూర్తిగా విరుద్ధం. చేతిలో ఏదుంటే అది పక్కవాడి చేతిలో పెట్టేస్తాడు. బడికి వెళ్ళే రోజుల్లో కొత్త చెప్పులు కొనిస్తే, వాటిని స్నేహితుడి కాళ్ళకు తొడిగి తాను ఒట్టి కాళ్ళతో ఇంటికొచ్చిన రకం.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఇదే ఇంట్లో, ఇదే బల్ల దగ్గర భోంచేస్తూ వాడు, “అక్కా, కోప్పడనంటే ఒక మాట చెప్తా. మసకగంట గింజలు ఓ పది, పచ్చివే, తడి నాచులో చుట్టి ఆ చలిదేశం తోటావిడకి పంపించేశానే. మన దగ్గర ఏదన్నా అయితే అక్కడన్నా బతికుంటుంది కదా,” అన్నాడు. నేను కోప్పడనన్నాను. ఇంకో గరిటె వడ్డించాను కూడా. మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారి గదికి వెళ్ళి చెప్పేశాను.

నిబంధన కోసం చెప్పానని చాలాకాలం అనుకున్నాను. కాదు. తాళంచెవి నా మెడలో ఉండగానే నా గింజ గేటు దాటిందన్న ఉక్రోషంతో చెప్పాను.

విచారణలో వాడు దేన్నీ కాదనలేదు. ఈ సంగతి మీకెవరు చెప్పారని అడగలేదు. నా వైపు చూడనూ లేదు. ఉద్యోగం పోయింది, దొంగ అన్న పేరు మిగిలింది. ఆ తర్వాత నర్సరీలకు కుండీలు చేరవేసే బండి నడుపుకుంటూ పిల్లను చదివించాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే బదులు చెప్పేదాన్ని. నా నోటి సంగతి తెలుసు కదా, గెలిచేదాన్ని కూడా.

కొన్నేళ్ళ తర్వాత ఎండలు మండిపోతున్న ఒక సెలవు రోజున గాజుఇంటి కిటికీలు తెరిచే మోటారు ఆగిపోయింది. మర్నాడు తలుపు తీస్తే లోపలినుంచి ఉడికిన ఆకుల వాసన కొట్టింది. రెండు తీగలూ పోయాయి. పనివాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే, దేనికర్రా ఏడుపు, నా సీసాలున్నాయిగా అన్నాను. సీసాలు తెచ్చి, గింజలు నానబెట్టి, తట్టల్లో చల్లాం. ఒక్కటంటే ఒక్కటి మొలవలేదు. మసకగంట గింజ ఎండితే చచ్చిపోయే రకమట. కాయలోని తడి ఆరకముందే మట్టిలో పడాలట. నేను అన్నేళ్ళూ కాపలా కాసింది శవాలకి. వాటిని చంపింది కూడా నేనే, నా చేతులతో, శ్రద్ధగా, నీడన ఆరబెట్టి మరీ. నాలుగు గింజలు నాటి చూసుకుని ఉంటే మొదటి ఏడాదే తెలిసిపోయేది. పరీక్షకి నాలుగు గింజలు పోతాయే అని నాటలేదు.

అప్పుడు చలిదేశపు తోటకు ఫోన్ చేశాను. ఆవిడ సంబరంగా, మీ తమ్ముడు పంపినవి మా గోడంతా అల్లుకున్నాయి, ఆయన ఎలా ఉన్నారు అని అడిగింది. బాగున్నాడు అన్నాను. అప్పటికి నేను వాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

పిల్ల తీగలు పెట్టెల్లో వచ్చాయి, బతికాయి. పోయిందనుకున్న మొక్కను తిరిగి తెచ్చినందుకు నాకు సభ చేశారు. వేదిక మెట్లెక్కుతుంటే డైరెక్టర్ గారు నా చెవి దగ్గరికి వంగి, “ఆ పాత గొడవ ఇప్పుడెందుకు లెండి, తోట పరువు పోతుంది,” అన్నారు. నేను ఊఁ అన్నాను. ఫలకం ఇచ్చారు, తీసుకున్నాను. ఫోటోకి నవ్వమన్నారు, నవ్వాను. మా తమ్ముడు కుండీలు దింపడానికి వచ్చి ఆ రోజు తోటలోనే ఉన్నాడట. మనుషులు తక్కువయ్యారంటే నా సభకి కుర్చీలు కూడా వేశాడట.

కనుక, గది మీద నా పేరు తీసేయాలి. ఫలకాన్ని పాత ఇనుమూ రాగీ కొనేవాడికి వేసేయాలి. వాడి పేరు పెట్టమని నేను కోరడం లేదు. ఒకరి పేరు ఎక్కడుండాలో చెప్పే అధికారం, వాడి పేరు డైరెక్టర్ గారికి చెప్పిన రోజున నేను ఒకసారి వాడుకున్నాను, చాలు. ఆ తీగ బతికిందంటే అది మా తమ్ముడి వల్లనే అని, గింజలు పంపింది సొంత లాభానికి కాదని, నేను సంతకం చేసిన వాంగ్మూలం దీనికి జతపరుస్తున్నాను. మేనకోడలు దాన్ని తోట కమిటీ ముందు పెట్టి, వాడి మీద రాసిన దొంగతనం అన్న మాట కొట్టేయించాలి. ఇందుకు నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. రేపే వెళ్ళవచ్చు.

6. నా గదిలో డైరెక్టర్ గారు మరిచిపోయిన నల్ల గొడుగును ఆయనకు చేర్చాలి. పాపం, ఆయనకు తడవడమంటే మహా భయం. మెట్ల మీద ఆయన అన్న మాటకు ఆయన్ని తిట్టుకుంటూ చాలాకాలం సుఖపడ్డాను. ఊఁ అన్నది నేను. గొడుగుతోపాటు ఆ కోపాన్ని కూడా తిరిగి ఇచ్చేస్తున్నాను.

7. నా కుట్టుమిషను మా మరదలికి. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఈ ఇంటి కిటికీలన్నిటికీ ఆ మిషను మీదే తెరలు కుట్టింది. వాడి ఉద్యోగం పోయిన వారం ఒక్కసారి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. “ఆయన మీకు తమ్ముడిగా చెప్పాడు వదినా. మీరు ఆఫీసరుగా విన్నారు. ఇంక ఈ ఇంట్లో నేను మంచినీళ్ళు కూడా తాగను,” అని వెళ్ళిపోయింది. అన్నంత పనీ చేసింది. ఆమె అంటే నాకు అప్పట్లో పడేది కాదు. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంట్లో వాడి తరఫున నోరు విప్పింది ఆమె ఒక్కతే. ఆ పని చెయ్యవలసిన దాన్ని నేను. మిషను తీసుకోనంటే బలవంతం చేయవద్దు. నూనె వేసి, గుడ్డ కప్పి, ఆమె మనసు మారేదాకా మేనకోడలి దగ్గర ఉంచాలి. మారకపోయినా సరే.

8. నేను పోయాక సభలు పెట్టవద్దు. నా పేరుమీద మొక్క నాటవద్దు. తోటలో ఎవరైనా నన్ను పొగడబోతే వాళ్ళకు ఐదో అంశం చదివి వినిపించాలి.

9. పాత వీలునామా సంగతి. అందులోనూ ఇల్లు తమ్ముడికే రాశాను, క్షమించమని కూడా రాశాను, కవరు అంటించి నేను పోయాక తెరవమన్నాను. చాలా గొప్ప పని చేశాననుకుని మేనకోడలికి చెప్పాను. అది వాళ్ళ నాన్నకి చెప్పింది. వాడు దాని చేతనే నాకు కబురు పంపాడు. దాని నోట విన్నది విన్నట్టు రాస్తున్నాను: “పోయినవాళ్ళు క్షమించమంటే నేనేం చెయ్యాలి? సరేనంటే వినడానికి తను ఉండదు, కుదరదన్నా వినడానికి ఉండదు. ప్రతిసారీ అక్కే గెలవాలా?”

చాలా రోజులు నాకు నిద్ర లేదు. వాడన్నది నిజం. నేను చావును కూడా తాళం కప్పలా వాడుకోబోయాను.

అందుచేత ఈ వీలునామాను సంతకం చేయడానికి ముందు, నా ముందు గదిలో, తలుపులు తెరిచి, నేనే పైకి చదువుతాను. తమ్ముడికి కబురు పంపాను. రావాలన్న నిర్బంధం లేదు. వస్తే, మధ్యలో లేచి వెళ్ళిపోయినా ఎవరూ ఆపకూడదు. నేనూ ఆపను, చదువుతూనే ఉంటాను. వాడు క్షమించకపోయినా పై అంశాల్లో ఒక్క అక్షరం మారదు. నన్ను క్షమించకుండా ఉండే హక్కు వాడికి పూర్తిగా ఉంది. ఇల్లూ వాకిలీ కంటే ముందు దాన్ని, ఏ షరతూ లేకుండా, ఈరోజే, నేను బతికుండగానే వాడికి ధారపోస్తున్నాను.

నవంబరు పద్దెనిమిదో తేదీ, మంగళవారం.

సంతకం: గింజలమ్మ

సాక్షులు: కింది వాటాలో మందుల షాపు నడిపే ఆవిడ, విత్తనాల గది పొట్లాలు చేరవేసి రిటైరైన పోస్ట్‌మాన్.

సాక్షుల మాట: పై వీలునామాను ఆవిడ మా ఇద్దరి ముందూ మొదటినుంచి చివరిదాకా పైకి చదివి, ఆ తర్వాత సంతకం చేశారు. చదువుతూ రెండుచోట్ల ఆగారు, మళ్ళీ చదివారు. మాకు ఇందులో ఏ వాటా లేదు. ఐదో అంశం మొదలయ్యేసరికి ఆవిడ తమ్ముడు గారు వచ్చారు. కుర్చీ వేశాం, కూర్చోలేదు. గుమ్మం బయటే నిలబడి ఆఖరిదాకా విన్నారు. ఆవిడ కలం అందుకున్నప్పుడు మాత్రం, “కాగితం కదలకుండా కాస్త గట్టిగా పట్టుకోండి, అక్కకి చెయ్యి వణుకుతోంది,” అన్నారు. మేము పట్టుకున్నాం.