ఫ్లెక్సీ మూలన పేరు

అన్నా,

మా ఫోన్లు పోలీసులు తీసుకెళ్ళారు. అందుకే ఈ ఉత్తరం రాసి బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతున్నాను. మీ బావ కూడా స్టేషన్‌లోనే ఉన్నారు.

మా యాళినికి చెవులు కుట్టిస్తున్నామని మానామదురై బస్టాండు ముందు మీ బావ ఫ్లెక్సీ కట్టించారు కదా, హీరో పక్కన మన పిల్ల ఉన్నట్టు. అందరూ వేసే పాత పోస్టరు వద్దని, మొన్న విడుదలైన సినిమా తన ఫోన్లో ఉంటే అందులోంచే హీరో బొమ్మ తీసి ఫ్లెక్సీ వాళ్ళకి ఇచ్చారు. బొమ్మ మూలన సినిమాలు దొంగచాటుగా పెట్టే సైటు పేరుంది. మేమెవరమూ చూసుకోలేదు.

చూసింది అభిమాన సంఘం వాళ్ళు. మీ బావే ఆ సంఘానికి కార్యదర్శి. అయినా వాళ్ళే కేసు పెట్టారు.

"ఈయన చూసి ఊరుకోలేదమ్మా, సినిమా మొత్తం బంధువుల గ్రూపులో పంచాడు. మూడేళ్ళ దాకా పడొచ్చు" అన్నాడు ఎస్సై. ఆ సినిమా తనకెవరు పంపారని ఎంత అడిగినా మీ బావ నోరు విప్పలేదట.

అన్నం పట్టుకెళ్తే ఊచల వెనక నుంచి మెల్లగా చెప్పారు. "మీ అన్న పేరు ఎత్తకు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టకుండా పిల్లకి చెవులెలా కుట్టిస్తాం?"

అది పంపింది నువ్వని నాకు అప్పుడే తెలిసింది.

శుక్రవారం పిల్లకి నీ ఒడి కావాలి. తప్పకుండా రా అన్నా. కానీ ముందు స్టేషన్‌కి వెళ్ళు. ఆ తర్వాతే మా గడప తొక్కు.

నీ చెల్లెలు